మెల్లకన్ను నటుణ్ణి చూడటానికి తార్నాక వెళ్లాను

ఫిబ్రవరి నెల రెండో బుధవారం, పొద్దున ఆరు గంటల పది నిమిషాలకు నేను సికింద్రాబాద్ స్టేషన్లో రైలు దిగాను. చేతిలో ఒక సంచీ, భుజాన ఇంకో సంచీ. భుజాన ఉన్నదాంట్లో ఉలులున్నాయి. ఎవరైనా ఎత్తుకుపోతారని రాత్రంతా వాటిని తలకింద పెట్టుకుని పడుకున్నాను. మెడ పట్టేసింది. ఉలులు మాత్రం భద్రంగా ఉన్నాయి.

నేను పెడనలో అచ్చులు చెక్కేవాణ్ణి. కలంకారీ గుడ్డల మీద అద్దే టేకు అచ్చులు. మీ ఇంట్లో దుప్పటి మీద నెమలి ఉంటే ఆ నెమలి నా చేతిలోంచి వచ్చిందే కావచ్చు. గొప్పకి చెప్పడం లేదు అనను. గొప్పకే చెబుతున్నాను. చదువు మాత్రం ఆలస్యంగా వచ్చింది. నలభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దాను. కాబట్టి నా రాతలో సొగసులు వెతక్కండి. చూసింది చూసినట్టు రాస్తాను. బాగుంటే బాగుందంటాను, లేకపోతే లేదంటాను.

వెళ్లింది మా అమ్మాయి పద్మ కూతురు హారిక కోసం. పద్మ వాళ్లు పెళ్లయిన నాటి నుంచీ తార్నాకలోనే ఉంటున్నారు. హారిక అక్కడికి దగ్గర్లో ఉన్న యూనివర్సిటీలో బొమ్మల చదువు చదువుతోంది, ఆఖరి సంవత్సరం.

"తాతయ్యా, సోమవారం నా పరీక్ష. నేను చెక్కిన అచ్చులతో అందరి ముందూ బొమ్మ అద్ది చూపించాలి. తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. నువ్వు పక్కనుండాలి. రాకపోతే నీతో మాట్లాడను," అని ఫోన్లో బెదిరించింది.

"ఏం బొమ్మే?"

"జపాన్ వాళ్ల నాటకం బొమ్మ. నువ్వు ఉలులేం మోసుకురాకు. నా దగ్గరున్నాయి."

మా వంశంలో ఆడపిల్ల ఉలి పట్టడం ఇదే మొదలు. వెళ్లకుండా ఎలా ఉంటాను? ఉలులు కూడా తీసుకెళ్లాను. పిల్లల దగ్గరుండే ఉలులు ఎలాంటివో నాకు తెలుసు.

వారాసిగూడ మీదుగా

ఆటో అతను తార్నాకకు నూట ఎనభై అన్నాడు. మా ఊళ్లో ఆ డబ్బుతో బందరు వెళ్లి, సినిమా చూసి, భోంచేసి తిరిగి రావచ్చు. ఆ మాటే అన్నాను. "అయితే బందర్ల సినిమా జూడు పెద్దాయనా, గీడెందుకొచ్చినవ్?" అన్నాడు. మనిషి నచ్చాడు. నూట యాభైకి ఎక్కాను. పేరు మల్లేశ్.

కొంచెం దూరం పోయాక బండి ఒక సందులోకి తిప్పాడు. నాకు అనుమానమొచ్చి సంచీ గట్టిగా పట్టుకున్నాను.

"గిది వారాసిగూడ. మా ఇల్లు గీడనే. పాలపాకిట్లిచ్చి పోదాం, రెండు నిమిషాలు. పొల్ల చాయ్ తాగి బడికి పోవాలె."

ఆ సందు ఎంత ఇరుకంటే ఆటో వెళుతుంటే అటూ ఇటూ ఉన్నవాళ్లు గుమ్మాల్లోంచి కాళ్లు లోపలికి లాక్కున్నారు. ఒక ఇంటి ముందు ఆపాడు. వాళ్లావిడ బయటికొచ్చి నన్ను చూసింది.

"ఎవలీయన?"

"సవారి."

"సవారిని ఇంటికి తోల్కొస్తరా ఎవలన్న? నీకేమన్న దిమాకుందా?" అని మొగుణ్ణి తిట్టి, నా వైపు తిరిగి, "జర ఆగున్రి, చాయ్ దెస్త. ఈయన గింతే," అంది.

చాయ్ తాగాను. అల్లం దంచి వేసింది, బాగుంది. మా ఊళ్లో అయితే ముందు ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగి ఆ తర్వాత మంచినీళ్లిస్తారు. అక్కడ గ్లాసు చేతిలో పెట్టి, నేను ఖాళీ చేసేదాకా ఆగి, అప్పుడడిగింది ఏ ఊరని. ఈ పద్ధతి నాకు మెరుగనిపించింది.

"సంచి గట్ల అదుముకున్నవ్, బంగారమా?" అన్నాడు మల్లేశ్ మళ్లీ బండి తీస్తూ.

"ఉలులు."

"వడ్ల పనా? వడ్రంగమా?"

"అచ్చుల పని. మా మనవరాలు కూడా అదే పని చేస్తోంది. యూనివర్సిటీలో."

"గా పని నేర్పెటందుకు యూనివర్సిటీ గూడ ఉన్నదా?" అన్నాడు. వెక్కిరింత కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. నాకూ అదే ఆశ్చర్యం. మా నాన్న నాకు వీపు మీద నేర్పాడు.

తార్నాక

పద్మ వాళ్లుండేది నాలుగో అంతస్తు. కింద ఉప్మా, ఇడ్లీ అమ్మే బండి ఉంది. ఇడ్లీ ప్లేటు నలభై. చట్నీలో కొబ్బరి తక్కువ, పుట్నాలు ఎక్కువ. అల్లుడు రవి అదే బాగుంటుందని రోజూ తింటాడట. పాతికేళ్లుగా ఇక్కడుంటే నాలుక కూడా ఇక్కడిదైపోతుంది.

సాయంత్రం నడకకు తీసుకెళ్లాడు. రోడ్డు పక్కన ఆడవాళ్లు కట్టెల పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేస్తున్నారు. చేత్తో కొడుతుంటే రొట్టె చక్రంలా తిరుగుతూ పెద్దదవుతోంది. అప్పడాల కర్ర లేదు, పీట లేదు, అంచు మాత్రం గీసినట్టు గుండ్రంగా వస్తోంది. నేను అక్కడే నిలబడిపోయాను. రొట్టె పాతిక రూపాయలు.

"తింటవా, జూస్తవా?" అంది రొట్టెలావిడ.

"చూసి తింటాను."

"జూసినందుకు గూడ పైసలైతయ్ మరి," అంది. రెండు తిన్నాను. చూసినందుకు పైసలు తీసుకోలేదు.

హారిక ఆ రాత్రి ఇంటికొచ్చి నా సంచీ తడిమి చూసింది. లోపల ఇనుము చప్పుడైంది. "తేవద్దన్నానా!" అంది. నేను నిద్రొస్తోందన్నాను.

క్యాంపస్, నాటకం బొమ్మ

గురువారం హారిక నన్ను యూనివర్సిటీకి తీసుకెళ్లింది. లోపల ఒక ఊరంత ఉంది. చెట్లు, బండరాళ్లు, పొద్దున్నే నడిచే పెద్దవాళ్లు, చెట్ల కింద పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకుని కూర్చున్న పిల్లలు. అంత చోటు ఖాళీగా ఉంటే మా ఊళ్లో ఎవరో ఒకరు గుడ్డలు ఆరేసేవాళ్లు. అద్దకం గుడ్డలు ఆరేయడానికి అంత మంచి ఎండ, అంత గడ్డి మా పెడనలో ఎక్కడా లేవు.

వాళ్లు పని చేసే గది పెద్దది, రంగుల వాసన. అక్కడ ఇద్దరు పరిచయమయ్యారు. ఒకరు గ్రేస్, హారిక క్లాసులో పిల్ల, జనగామ దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది. రెండోది యాదమ్మ, ఆ గది ఊడ్చి సర్దే ఆవిడ, గోల్నాక నుంచి వస్తుంది. ఇద్దరికీ నోరెక్కువ. నాకు కాలక్షేపమైంది.

అసలు జపాన్ బొమ్మ నర్సింగరావు సార్ గదిలో అద్దం బిగించి ఉంది. హారికకు చదువు చెప్పే సార్. ఆయన గురువుగారు ఎప్పుడో జపాన్ వెళ్లినప్పుడు తెచ్చారట. నేను దాని ముందు కూర్చున్నాను.

బొమ్మలో ఒక మగమనిషి ఉన్నాడు. ఒక కాలు ముందుకు చాచి పాదం నేలకేసి తన్నాడు. చెయ్యి పైకెత్తితే చొక్కా చెయ్యి తెరచాపలా విప్పుకుంది. ముఖమంతా తెల్లగా పూసి, దాని మీద బుగ్గల నుంచి నుదుటి దాకా ఎర్రటి చారలు. నడుముకున్న కత్తి సగం బయటికొచ్చింది. వెనక ఒక ఆడమనిషి వెనక్కి వంగి చేతులు అడ్డం పెట్టుకుంది. పైనుంచి గులాబీ పూలు రాలుతున్నాయి. అంతా బాగుంది గానీ ఆ మగవాడి కళ్లు రెండూ ముక్కు వైపు తిరిగి ఉన్నాయి.

"వీడికి మెల్లకన్నేమిటే? హీరో కాదా?"

"హీరోనే తాతయ్యా. వాళ్ల నాటకాన్ని కబుకి అంటారు. కోపం బాగా ముదిరిన చోట నటుడు ఒక్కసారి బిగుసుకుపోయి, కళ్లు అలా తిప్పి, కదలకుండా నిలబడతాడు. పక్కనొకడు కూర్చుని చెక్కలతో టపటపా కొడతాడు. అప్పుడు జనం ఆ నటుడి ఇంటి పేరు పెట్టి అరుస్తారు."

"మన దగ్గర పద్యం లాగితే వన్స్ మోర్ అంటారే, అలాగన్నమాట."

"అదే. అంతా అయిపోయాక ఆ ఆటలో ఉన్న నటుడి బొమ్మ చెక్కతో అద్ది బజార్లో అమ్మేవాళ్లు. సినిమా పోస్టర్లా."

"మరి వెనకామె?"

"ఆమె కూడా మగవాడే. ఆడ వేషాలు మగవాళ్లే వేస్తారు."

అందులో నాకు వింతేం లేదు. నా చిన్నప్పుడు మా ఊరి నాటకంలో ఆడ వేషం వేసినాయన పగలు కిరాణా కొట్టు నడిపేవాడు. ఆయన పప్పు తూస్తుంటే కూడా మేం చేతులే చూసేవాళ్లం.

తుడిచే గుడ్డ పట్టుకుని వచ్చిన యాదమ్మ బొమ్మ వైపు చూసి, "నాలుగేండ్ల సంది తుడుస్తున్న ఈ అద్దం. రోజు పొద్దుగాల గీ మొకమే. జరమొచ్చి మందు మింగనంటున్న పోరని లెక్క ఉంటడు," అంది.

"ఆయన మస్తు పేరున్న యాక్టరట యాదమ్మా," అంది గ్రేస్.

"ఉంటె ఉండనీ. మందైతే ఎయ్యాలె గదా."

నేను ముక్కు అద్దానికి ఆనించి గీతలు చూశాను. జుట్టు మొదట్లో ఒక్కో వెంట్రుక విడివిడిగా ఉంది. చెక్కలో అంత సన్నటి గీత మిగల్చాలంటే రెండు వైపులా కోసుకుంటూ వచ్చి మధ్యలో వెంట్రుకంత చెక్క నిలబెట్టాలి. నేను చెయ్యగలనా అని అడిగితే, వయసులో అయితే చెయ్యగలను. వాడెవడో నాకంటే ఒక పిసరు మెరుగు. ఒక పిసరే.

తర్వాత హారిక తన అచ్చులు చూపించింది. ఐదు పలకలు. ఒకటి నల్ల గీతలది, మిగిలినవి రంగుకొకటి. నల్లగీతల పలక చేతిలోకి తీసుకుని వెలుగుకి వంచి చూశాను. జుట్టు దగ్గర గీత తెగలేదు. కొస ఒణకలేదు. పలక తిప్పి మళ్లీ చూశాను.

"ఏంటి తాతయ్యా, బాలేదా?"

"బానే ఉంది," అన్నాను. మా వృత్తిలో అంతకంటే పెద్ద మెప్పు లేదు. దానికి అది తెలియక ముఖం చిన్నబుచ్చుకుంది.

శుక్రవారం చేసిన ఘనకార్యం

రంగుల అచ్చులు నాలుగూ హారిక ఇంటికి తెచ్చింది, నేను తీరిగ్గా చూస్తానని. శుక్రవారం అందరూ వెళ్లిపోయారు. నేనూ అచ్చులూ మిగిలాం.

ఒక్కొక్కటే ఒళ్లో పెట్టుకుని చూశాను. బొమ్మకు బయట, పలక అంచున, కింది మూలలో ఒకటి, దానికి కొంచెం దూరంగా ఇంకొకటి, చెక్క ముక్కలు చిన్న మెట్లలా పైకి లేచి ఉన్నాయి. పని అంతా నున్నగా చేసి అవి మాత్రం వదిలేసింది. నాలుగింటికీ అంతే. నాలుగింటికీ ఒకే చోట ఉన్నాయంటే అప్పుడైనా అనుమానం రావాలి. రాలేదు. ఆ మూలకి దాని చెయ్యి అందడం లేదు కాబోలు అనుకున్నాను.

మీకు ఒక సంగతి చెప్పాలి. మా అచ్చుల్లో బొమ్మకు బయట ఏ చిన్న ముక్క పైకున్నా అది గుడ్డ మీద మరకై కూర్చుంటుంది. చీరంతా అదే మరక. అద్దకం వాళ్లు అచ్చు తెచ్చి మన ముఖాన కొడతారు. అందుకని మూలలు శుభ్రం చెయ్యకుండా అచ్చు చేతి నుంచి దాటించడం మాకు సిగ్గు. మనవరాలి పని పరీక్షలో పదిమంది చూస్తారు. తాత పక్కనుండి కూడా మూలలు చూసుకోలేదా అంటారు.

ఉలి తీశాను. నాలుగు పలకల మూలలూ గోరు తగలకుండా తీసేశాను. గరుకు కాగితంతో రుద్దాను. అద్దంలా వచ్చాయి. మా ఊళ్లో కొత్త అచ్చుకి నూనె పట్టిస్తాం. అది కూడా చేద్దామని వంటింట్లోకి వెళితే పద్మ దగ్గరున్నది పొద్దుతిరుగుడు నూనె. అది నాకు నచ్చదు కాబట్టి మానేశాను. ఆ ఒక్క చోట దేవుడు నా వైపున్నాడు. నూనె పట్టిన చెక్క మీద నీళ్ల రంగు నిలవదని తర్వాత తెలిసింది.

ఆ పూట నేను చాలా సంతోషంగా అన్నం తిన్నాను.

శనివారం

పొద్దున్నే క్యాంపస్ వెళ్లాం. హారిక ముందుగా నల్ల గీతల పలకతో నాలుగు కాగితాలు అద్దింది. ఆ పలక అక్కడే గదిలో ఉండిపోయింది కాబట్టి నా చేతికి చిక్కలేదు. తర్వాత, ముఖం కుదిరితే మిగతావీ కుదురుతాయని ఎర్రరంగు పలకే ముందు తడిపి, రంగు బ్రష్‌తో పరిచి, అద్దిన కాగితం రెండు చేతులా పట్టుకుని వంగింది. దాని వేలు పలక మూలలో వెతుక్కుంది. మళ్లీ వెతుక్కుంది.

"మెట్లేవి?"

"ఏ మెట్లు?"

"ఇక్కడ. రెండుండాలి. ప్రతి పలకకీ."

"ఓ, అవా! వదిలేశావు కదా, నేను తీసేశాను. చూడు ఎంత నున్నగా వచ్చిందో," అన్నాను. వేలితో రుద్ది కూడా చూపించాను.

"ఓ దేవా," అంది గ్రేస్.

హారిక కాగితం పక్కన పెట్టి కింద కూర్చుంది. మిగతా మూడు పలకలూ తీసి చూసింది. అరవలేదు. "మీరెందుకు ముట్టుకున్నారు?" అంది. నన్ను పుట్టినప్పటి నుంచీ నువ్వనే పిల్ల. మీరు అంది.

నాకు సంగతి విడమరిచి చెప్పింది గ్రేసే.

"తాతా, కాగితం మూల గా మెట్టుకు ఆనిచ్చి పండవెట్టాలె. నల్లదైనంక పసుపుది, గదైనంక ఆకుపచ్చది, నీలిది, ఆఖరుకు ఎర్రది. అన్నిసార్లు కాగితం గదే జాగల పండాలె. గా మెట్లు లేకుంటె బుగ్గ మీద పడే ఎరుపు చెవుల పడ్తది."

అప్పుడు బుర్రకెక్కింది. మా దగ్గర గుడ్డ బల్ల మీద పరిచి ఉంటుంది, కదలదు. అచ్చే దాని దగ్గరికి వెళుతుంది. అద్దేవాడు కన్నుతో అంచు కలిపి పిడికిలితో పొడుస్తాడు. వాళ్ల పద్ధతిలో అచ్చు కదలదు. కాగితమే వచ్చి దాని మీద పడుకుంటుంది. రంగున్న వైపు మనిషికి కనపడదు. కాబట్టి కాగితానికి దారి చూపేది ఆ రెండు మెట్లే. తిరిగొచ్చాక మా పెడన వాళ్లకి చెబితే పదిమందిలో తొమ్మిదిమంది నేను చేసిన పనే చేసేవాళ్లమన్నారు. పదోవాడు అబద్ధాలకోరు.

అయినా నేను ఊరుకోలేదు. "మా పద్ధతిలో పైనుంచి అద్దుదాం. నా కన్ను తప్పదు," అన్నాను. నల్లగీతలు అద్దిన కాగితం ఒకటి బల్ల మీద పరిచి, ఎర్ర పలక తిరగేసి, అంచు చూసుకుని పొడిచాను. పలక వెడల్పు, పట్టుకోవడానికి పిడి లేదు, కోత లోతు లేదు. తీసి చూస్తే కాగితం ముడతపడింది. బుగ్గ మీద పడాల్సిన ఎర్రచార నటుడి గొంతుకి అడ్డంగా పడింది.

యాదమ్మ తొంగి చూసి, "సంపినవ్ గదా పెద్దాయనా వాన్ని," అంది.

గ్రేస్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది. హారిక నవ్వలేదు. కానీ ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత లేచింది.

ఇంకో నల్లగీతల కాగితం తీసి ఎర్ర పలక మీద బోర్లా పెట్టింది. మూల ఎత్తి లోపలికి చూస్తూ, కొంచెం ఇటు, కొంచెం అటు జరిపింది. బుగ్గ గీతలు పలకలోని ఎత్తుల మీద కూర్చునేదాకా అలా జరుపుతూనే ఉంది. ఎంతసేపో నేను చెప్పలేను. నా నడుము నొప్పి పుట్టింది, దానికి పుట్టలేదు. చివరికి కాగితం కదలకుండా అరచెయ్యి ఆనించి, "గ్రేస్, పెన్సిల్," అంది. కాగితం మూల పలక మీద ఎక్కడ ఆనిందో అక్కడ గీత గీసింది.

"కాగితం పడుకునే చోటు దొరికింది. ఇక్కడ గుంట తీసి కొత్త చెక్క దిగేసి, దాంట్లో మెట్టు కోయాలి. నాలుగింటికీ," అంది. అలా చెయ్యమని దానికెవరూ చెప్పలేదు. నేను అక్కడే ఉన్నాను కాబట్టి సాక్ష్యం చెప్పగలను.

"దిగేసే పని నేను చేస్తాను," అన్నాను.

నన్ను చూసింది. నర్సింగరావు సార్ గదికి వెళ్లి అడిగింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"అచ్చులు నువ్వు చెక్కినవే కదా. విరిగినదానికి అతుకు ఎవరు వేసినా ఫరవాలేదు. కానీ ఎవరు వేశారో, ఎందుకు వేయాల్సొచ్చిందో పరీక్షలో దాచకుండా చెప్పు," అన్నారు ఆయన.

"చెబుతాను సార్," అంది. బయటికొచ్చి నాతో, "గట్టి చెక్క కావాలి. రండి," అంది. ఇంకా మీరే.

ముషీరాబాద్

కలప అడితీలు ముషీరాబాద్‌లో ఉన్నాయంటే అక్కడికి వెళ్లాం. దారి పొడవునా దుకాణాలు. తలుపులు, మంచాలు, పాత కిటికీలు. ఆ చెక్క వాసనకి ప్రాణం లేచొచ్చింది. సలీం భాయ్ అనే ఆయన కొట్లో ఆగాం. గడ్డం తెల్లగా ఉంది గానీ నాకంటే చిన్నవాడే.

"ఏం గావాలె చాచా?"

"పాత టేకు. ఇంత ముక్క," అని బొటనవేలు చూపించాను.

"గింత ముక్కతోని ఏం జేస్తవ్? పళ్లు కుట్టుకుంటవా?"

ఒక మూల పాత దర్వాజా కోసిన ముక్కలు పోగేసి ఉన్నాయి. ఒకటి తీసి గోరుతో నొక్కాను. గోరు దిగలేదు. పోగులు తిన్నగా ఉన్నాయి. సలీం భాయ్ నేను చూసే తీరు చూసి ఎగతాళి మానేసి, వేరే ముక్క తెచ్చిచ్చాడు. "గది కాదు, ఇది జూడు. ఎండల వానల నానిన దర్వాజా. ఇంక ఇది ఉబ్బదు, ఎండదు." నిజమే. నేను తీసినదానికంటే మంచిది.

దేనికని అడిగితే హారిక ఫోన్లో జపాన్ బొమ్మ చూపించింది. ఆయన ఫోను దూరంగా పెట్టుకుని, దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఈయన కండ్లేంది గట్లున్నయ్?"

"కోపం," అంది హారిక.

"మా బేగం గూడ గిట్లనే జూస్తది. జపాన్ల గూడ ఉన్నదన్నమాట." తర్వాత ముక్క బరువు చూసి, "యాభై," అన్నాడు.

"వేలంత ముక్కకి యాభయ్యా?"

"జపాన్ రేటు చాచా."

"ఇరవై ఇస్తాను, ముషీరాబాద్ రేటు."

ఇరవైకే ఇచ్చాడు. బొమ్మ అయ్యాక ఫోన్లో పంపాలని షరతు పెట్టాడు. హారిక అక్కడ మొదటిసారి నవ్వింది. ఆటోలో కూర్చున్నాక, "ఆకలేస్తోంది, నీకేం తినాలనుంది?" అంది. నేను రోడ్డు వైపు చూస్తూ ఏదైనా పరవాలేదన్నాను. సమోసాలు తిన్నాం. చిన్నవి, ఉల్లిపాయలు కూరినవి, వేడివేడిగా.

ఆదివారం

ఆ రోజు పద్మ వాళ్ల బాల్కనీయే మా కొట్టు. హారిక గీసింది, నేను కోశాను. మా పనిలో లోతుగా కోయడం అలవాటు. గుడ్డకి చిక్కటి రంగు పడుతుంది, లోతు లేకపోతే అచ్చు పూడిపోతుంది. చెయ్యి దానంతటదే లోతుకి పోయేది.

"తగ్గించు తాతయ్యా. కాగితం మందం ఎంతో అంతే."

"కాగితానికి మందమేముంటుందే?"

"అదే. ఆ లేని మందమే."

మొదటి ముక్క దిగేసి, మెట్టు కోసి, దాని చేతికిచ్చాను. కాగితం పెట్టి చూసింది. పక్కకి వంగి చూసింది.

"తీసెయ్. మళ్లీ."

"ఏమైంది? గట్టిగానే కూర్చుంది కదా."

"వెంట్రుకంత బయటికుంది."

కళ్లజోడు పెట్టుకుని చూశాను. ఉంది. నా జన్మలో నా పని వెనక్కి పంపినవాళ్లు తక్కువ. పంపినవాళ్లతో కొన్నేళ్లు మాట్లాడని సందర్భాలూ ఉన్నాయి. ఆ రోజు మాత్రం ముక్క పీకి పారేసి ఇంకోటి కోస్తుంటే నాకు లోపల గొప్పగా ఉంది. దాని కన్ను పని కన్ను. వెంట్రుకంత తేడా ఎవరికైనా కనిపిస్తుంది. చెక్కినవాడి ముఖం మీద తీసెయ్ అనడానికి వేరే ధైర్యం కావాలి.

రవి ఫోన్ లైటు పట్టుకుని నిలబడ్డాడు. "మామయ్యగారూ, నీడ పడుతోందా?" అని మాటిమాటికీ అడిగి విసిగించాడు గానీ చెయ్యి మాత్రం దించలేదు. పద్మ పులిహోర తెచ్చి, "ఇద్దరూ ఒకటే మొండి. తిని గొడవపడండి," అంది. మధ్యలో నా వేలు తెగింది. ఉలి నాదే, కాబట్టి ఎవర్నీ అనలేకపోయాను. రక్తం పలక మీద పడకుండా చెయ్యి బయటికి చాచాను. కింద ఇడ్లీ బండి అతను పైకి చూసి తిట్టాడు.

పొద్దు వాలే లోపల ఎనిమిది ముక్కలూ కూర్చున్నాయి. అద్ది చూడటానికి మాత్రం వీల్లేదు. ఆ రోజు గది తాళం వేసి ఉంది, కాగితమూ రంగులూ లోపలే ఉన్నాయి. కుదిరిందో లేదో సోమవారం అందరి ముందే తేలాలి. రాత్రి హారిక సరిగా తినలేదు. నేను తిన్నాను, కానీ రుచి తెలియలేదు.

సోమవారం

పరీక్ష చేయడానికి వేరే ఊరి నుంచి వసుంధర మేడమ్ వచ్చారు. నూలు చీర, మెడలో తాడుకి భూతద్దం. మాట తక్కువ. నేను గోడవారగా స్టూలు మీద కూర్చున్నాను.

హారిక నల్లది అద్దింది. పసుపు పలక పెట్టి, కాగితం మూల నేను కోసిన మెట్టుకి ఆనించింది. కొబ్బరితాడు చుట్టి గుడ్డ కట్టిన గుండ్రటి బిళ్లతో కాగితం వీపు రుద్దింది. ఎత్తింది. పసుపు కత్తి ఒర మీద పడింది. ఆకుపచ్చ వెనకామె బట్టల మీద పడింది. నీలం పెట్టింది. నీలం బట్టల గీత దాటలేదు. పూల గులాబీ రంగు ఎర్ర పలకలోనే ఉంది, అది ఆఖరు. పలక తడిపి, పూల దగ్గర పలచగా, ముఖం దగ్గర చిక్కగా ఎరుపు పరిచింది. కాగితం పడుకోబెట్టింది. రుద్దింది. రుద్దుతూ నా వైపు చూడలేదు. చూడకపోవడమే మంచిది. నా ముఖం అప్పుడు ఎలా ఉందో నాకు తెలుసు.

మూల పట్టుకుని ఎత్తింది.

ఎర్రచారలు బుగ్గల మీదే ఉన్నాయి. నుదుటి మీద ఉండాల్సింది నుదుటి మీద. ఒక్కటి కూడా గీత దాటలేదు.

మేడమ్ భూతద్దం పెట్టి బొమ్మంతా చూసి, తర్వాత బొమ్మ వదిలేసి పలకలు చూశారు. మూలలో వేరే రంగు చెక్క మీద వేలు పెట్టారు.

"ఈ అతుకులేమిటి?"

"మెట్లు పోయాయి మేడమ్. కొత్తవి దిగేశాం. దిగేసింది మా తాతయ్య."

"పోవడమేమిటి? ఎలా పోయాయి?"

హారిక నోరు తెరిచేలోపు నేను లేచాను. "నేనే తీసేశానమ్మా. మాది గుడ్డల అద్దకం. మూలలో చెక్క మిగిలితే తప్పని మా లెక్క. కాగితం సంగతి నాకు తెలియదు. అది చెప్పకముందే ముట్టుకున్నాను."

మేడమ్ నన్ను కింద నుంచి పైదాకా చూశారు. హారిక వైపు తిరిగి, "మెట్లు లేని పలకలో చోటు మళ్లీ ఎలా కనిపెట్టావు?" అని అడిగారు.

హారిక చెప్పింది. కాగితం బోర్లా పెట్టడం, గీతలు కలిసేదాకా జరపడం, మొదటి ముక్క పీకించడం, అన్నీ. చెబుతుంటే చేతులు గాలిలో పని చేస్తున్నాయి. మా నాన్న కూడా పని గురించి చెప్పేటప్పుడు చేతులు అలాగే ఆడించేవాడు.

"ఒకసారి కుదరడం అదృష్టం కూడా కావచ్చు," అన్నారు మేడమ్. "ఇంకోటి అద్దు."

అద్దింది. మొదటిసారి కంటే చేతులు స్థిమితంగా ఉన్నాయి. మేడమ్ రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నారు. ఎండ రెండు కాగితాల్లోంచీ వచ్చింది. ఇద్దరు నటులు ఒక్కడైపోయారు. రెండు ముక్కులు లేవు, నాలుగు కళ్లు లేవు.

"గ్రేస్, నువ్వు కూడా చూడు. నీ పరీక్ష రేపు కదా," అన్నారు మేడమ్. సార్ వైపు తిరిగి, "ఈ అమ్మాయి సంగతి ఇంక నేనేం అడగక్కర్లేదు," అన్నారు. అని హారికని అడిగారు: "ఈ రెండోది నేను తీసుకెళ్లొచ్చా? మా పిల్లలకి చూపించాలి. పలకల మూలల ఫోటో కూడా కావాలి."

హారిక తలూపింది. తర్వాత నా దగ్గరికొచ్చి, నా తెగిన వేలి కట్టు ఊడిపోతుంటే బిగించి కట్టింది. "బాగుందా తాతయ్యా?" అంది.

ఈసారి మా వృత్తి మాట వాడలేదు. "నాకంటే బాగా చేశావు," అన్నాను. పక్కనున్నవాళ్లందరికీ వినపడేట్టే అన్నాను.

ఆ సోమవారం పొద్దున ఆ గదిలో ఉన్నవాళ్లు వీళ్లు: పరీక్ష చేసిన వసుంధర మేడమ్, నర్సింగరావు సార్, చీపురు పట్టుకునే వచ్చి చివరిదాకా నిలబడ్డ యాదమ్మ, జనగామ పిల్ల గ్రేస్, ఆఫీసుకి సెలవు పెట్టిన మా అల్లుడు రవి, మా అమ్మాయి పద్మ, గోడవారగా నేను. అచ్చులు చెక్కింది, చోటు కనిపెట్టింది, బొమ్మ అద్దింది హారిక.